ముస్తాబు అన్న మాట

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, ఒక మంచి మాటతో మా అత్తను బాధపెట్టాను. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. అత్త మా నాన్నకు చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పొద్దంతా మగ్గం దగ్గర కూర్చుని, పెళ్లికూతుళ్లు కట్టుకునే చీరలు నేసేది. తను మాత్రం అంచులేని వెలిసిన చీరలే కట్టేది.

ఆ వారం బడిలో సారు మాకు 'ముస్తాబు' అనే మాట చెప్పారు. పెళ్లికూతురినైనా, పందిరినైనా, పండుగనాటి ఎడ్లనైనా బాగా అలంకరిస్తే ముస్తాబు చేశారంటామని చెప్పి, వాక్యాలు రాసుకుని రమ్మన్నారు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, కనిపించిన ప్రతిదానికీ తగిలించేదాన్ని. మేకపిల్ల మెడలో గుడ్డపేలిక కట్టి, అది ముస్తాబయిందని ఇంట్లో అందరికీ చెప్పి వచ్చాను.

మా అక్క పెళ్లికి పసుపు దంచే రోజున ఇంటినిండా చుట్టాలు. అత్త లోపలిగదిలోంచి వచ్చింది. ఆకుపచ్చ నూలుచీర కట్టుకుంది. మిగిలిన పట్టుతో సన్నటి అంచు వేసి తనే నేసుకున్న చీర అది. జడ నున్నగా దువ్వుకుంది. అంతే, పూలు కూడా లేవు. దంచే ఆడవాళ్లకు మంచినీళ్లు అందిస్తూ ఒక పక్కన నిలబడింది. ఆమె అంత అందంగా నాకెప్పుడూ కనిపించలేదు. అందరికీ వినపడేలా అన్నాను: "మా అత్త ఎంత ముస్తాబైందో సూడుండ్రి."

రోకళ్లు ఆగాయి. మా పెద్దమ్మ అత్తను పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరి కోసమమ్మా గింత ముస్తాబు?" అంది. మెల్లగానే అంది. ఎవరూ నవ్వలేదు, అలా అనకూడదని కూడా ఎవరూ అనలేదు. మా అమ్మ చేటలోని పసుపుకొమ్ములనే చూస్తూ ఉండిపోయింది. అత్త చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లింది.

పెద్దమ్మ అన్నదీ నేనన్న మాటే కదా, మరి ఎందుకిలా అయిందో నాకర్థం కాలేదు. భయపడుతూనే గదిలోకి వెళ్లాను. అత్త అప్పటికే పాతచీరలోకి మారి, ఆకుపచ్చ చీరను మడత పెడుతోంది. సారు మాకు తప్పు చెప్పారా అని ఏడుస్తూ అడిగాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది.

"సారు చెప్పింది నిజమే బిడ్డా. పెండ్లిపిల్లను ముస్తాబైందంటే మెచ్చుకునుడు. నా అసొంటిదాన్ని అంటే దెప్పుడు. ఎవరన్నరు, ఎవర్నన్నరు, గది సూడాలె. నువ్వు మెచ్చుకున్నవని నాకు తెల్సు."

చీర పెట్టెలో పెట్టేశాక, నా వైపు చూడకుండా, "బాగనే ఉంటినా?" అని అడిగింది. తలూపాను. ఆ చీరను ఆమె మళ్లీ కట్టగా నేను చూడలేదు. అక్క పెళ్లిలో వంటల దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. భర్త పోయిన ఆడవాళ్లు రంగుచీరలు కట్టుకుని శుభకార్యాలకు రావడం అక్కడక్కడా చూస్తున్నాను. వాళ్ల మీద పడే ఓరచూపులు మాత్రం పోలేదు. అలాంటివాళ్ల పక్కన వెళ్లి కూర్చుని, ఎంతో బాగున్నావమ్మా అని చెప్తాను, వాళ్లకొక్కరికే వినపడేటంత మెల్లగా. అందరి ముందూ గట్టిగా చెప్పాలనే ఉంటుంది. నోరు తెరిచేసరికి ఆనాడు ఆగిన రోకళ్లు గుర్తొస్తాయి. అది జాగ్రత్తో పిరికితనమో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.