సమాధానం చెప్పి తిను

లింగాల ఘనపూర్ చర్చి ఆవరణలో కిచిడీ అడుగంటిన వాసన. మైకులో మళ్ళీ అదే కథ. తెలంగాణ ఉద్యమంలో సుగుణమ్మ టీచర్ మనవాళ్ళను కొట్టిన పోలీసుకే అన్నం పెట్టి శాంతి నెలకొల్పారట. ఆవిడ జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన వాళ్ళందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. అన్నం పెట్టిన మాట నిజమే. శాంతి ఎక్కడ నెలకొంది? ఆ రోజు ఆవిడ పక్కన ఉన్నది నేను.

సండే స్కూల్లో నాకు వాదించడం నేర్పింది ఆవిడే. మా చర్చి మాటల్లో సమాధానమంటే శాంతి, బయట అదే మాటకు జవాబని అర్థం. చిన్నప్పుడు తికమకపడి అడిగితే, "రెండూ ఒకటే బిడ్డా. జవాబు లేని శాంతి ఉత్త నోరుమూసుడు" అన్నారు.

ఉద్యమకారులు జనగామ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు, పోరాటాలు విశ్వాసులకు తగవని అప్పటి పాస్టరుగారు చర్చి గేటుకు తాళం వేశారు. టీచర్ తన ఇంట్లోని పెద్ద వంట గంజు మోయించుకుని రోడ్డెక్కారు. రాయి పట్టిన చేత్తో గరిటె ముట్టొద్దని కుర్రాళ్ళకు షరతు పెట్టారు. మా తమ్ముడు ప్రవీణ్ చేతికి కట్టుతో కూర్చున్నాడు. ముందురోజు రాస్తారోకోలో లాఠీ దెబ్బకు చెయ్యి విరిగింది. కొట్టిన కానిస్టేబుల్ దాసు కూడా ఆవిడ శిష్యుడే. బందోబస్తుకు వచ్చి, ఎండలో నిలబడి సొమ్మసిల్లేలా ఉన్నాడు. టీచర్ పిలిచి వడ్డించి, పళ్ళెం మీద గరిటె అడ్డం పెట్టారు.

"వీని చెయ్యి ఎందుకిరగ్గొట్టినవ్ దాసు? సమాధానం చెప్పి తిను."

"పైనుంచి ఆర్డరు టీచరమ్మా."

"ఎంత పైనుంచి? నేను ప్రార్థన చేసే పైనుంచా?"

కుర్రాళ్ళు నవ్వారు. దాసు తల దించుకున్నాడు. "భయమైంది. రాయి అనుకున్న. వాని చేతిల జెండా కట్టెనే ఉండె."

టీచర్ గరిటె తీశారు. అతను తిన్నాడు. మా తమ్ముడు తన పళ్ళెం నెట్టేసి లేచిపోయాడు. ఈ ముక్క మాత్రం మైకులో ఎవరూ చెప్పరు.

సాయంత్రం ఆవిడతో పోట్లాడాను. దెబ్బ తిన్నవాణ్ణి అడగకుండా సంధి ఏమిటన్నాను.

"సంధి గాదే, ఆకలి. క్షమించుడు నీ తమ్ముని పని, నాది గాదు."

మరి వాడి ఎదుటే పెట్టాలా అంటే గంజు తోముతూ ఉండిపోయారు. వాదనలో నన్ను అలా వదిలేసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలు కొట్టుకుని నా ముందుకు వస్తే చేతులు కలపమనను. ముందు జవాబు చెప్పిస్తాను. దెబ్బ తిన్నవాణ్ణి అడగకుండా ఎవరినీ పంపను. సగం ఆవిడ నేర్పింది, సగం ఆవిడ మీద కోపంతో నేర్చుకున్నది. ఇవాళ కూడా తమ్ముడు కిచిడీ ముట్టకుండానే లేచాడు. టీచరమ్మా, ఆకలితో లేచిపోయినవాడికి మీ సమాధానం ఏది?