మామ చేతిలో వంద మాటలు

ఆ రోజుల్లో మా వైపు పిల్లవాడు చదువుకుంటాడా, ఎడ్ల వెంట తిరుగుతాడా అన్నది ఒక్క పూటలో తేలిపోయేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, నా బతుకు తేల్చిన ఆ పూట నన్ను ముంచబోయింది ఒక వేలు. అది నాది కూడా కాదు.

వనపర్తి పెద్దబడిలో చేరాలంటే ప్రవేశ పరీక్ష నెగ్గాలి. ఉర్దూ, లెక్కలు రాతతో, తెలుగు నోటితో. ఇరవై క్రియలకు అయిదేసి పర్యాయపదాలు నేర్చుకు రమ్మన్నారు. వెరసి వంద. (మా ఊళ్లో ఆ లెక్క మొదట కట్టినవాణ్ణి నేనే. ఆ గర్వం ఏమైందో చెబుతాను.) నాయన ఒకటే మాట అన్నాడు: "పాసైతే బడి. లేకుంటే మీ మామతోని సంతల పగ్గం పట్టు."

మామ పెబ్బేరు పశువుల సంతలో బేరగాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ కండువా కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. మామకు అక్షరం ముక్క రాదు, అయినా నన్ను చదివించే పని మీద వేసుకున్నాడు. మా ఊరి పంతులు ఆ మాటలన్నీ రాసిచ్చిన కాగితం నేను రెండుసార్లు చదవగానే లాగేసి మొలలో దోపుకుని, కండువా కింద కుడిచేయి చాపేవాడు.

"పట్టుకో. వేలుకొక మాట. చెయ్యి ఒడిసిందంటే మాటలు ఒడిసినట్టే."

"కండువ ఎందుకు మామా? ఇది బేరమా?"

"బేరం కాకుంటే ఏందిరా? అయినా కండువ లేకుంటే నా చెయ్యి కదలదు."

'చూచుట' అంటే బొటనవేలుకు 'కాంచు', చూపుడువేలుకు 'వీక్షించు', నడిమివేలుకు 'తిలకించు', ఉంగరపువేలుకు 'అవలోకించు'. చేయి అయిపోయింది, తర్వాతి క్రియ. బండి మీద, చేను గట్టున, సంత తొక్కిడిలో, రెండు నెలలు ఇదే పని. చేతికి అయిదు, ఇరవైసార్లకు వంద అని రోజూ పడుకునే ముందు సరిచూసుకునేవాణ్ణి.

పరీక్ష రోజు తెలుగు సారు "చూచుట" అన్నారు. నా చేయి ముందుకు పోయి గాలిలో వేళ్లు వెతికింది. మాటలున్నాయి, పట్టుకోవడానికి చేయి లేదు.

"తెల్వదా?"

"తెలుసు సారూ. జర మీ చెయ్యి ఇస్తే చెప్త."

సారు నన్ను ఎగాదిగా చూసి చేయి చాపారు. (ఆయనా ఎప్పుడో ఎడ్లు కొని ఉండాలి, నేను నా భుజం మీది కండువా కప్పినా మారు మాట్లాడలేదు.) నాలుగు మాటలు గడగడా చెప్పి చేయి వదలబోతే, చేయి ఇంకా అయిపోలేదు. తడిమి చూశాను. నిజంగా వేలే.

"అయిదోది?"

"సారూ, మీకు ఒక వేలు ఎక్కువున్నది."

పక్కనున్న పిల్లలు పడీపడీ నవ్వారు. సారు నవ్వకుండా ఇంకో రెండు క్రియలు అడిగారు. రెండింటికీ చిటికెనవేలు ఖాళీగానే మిగిలింది. అప్పుడు తట్టింది. మామ చిటికెనవేలు నేను పుట్టకముందే ఒక గిత్త పగ్గంలో తెగిపోయింది. రోజూ చూసే చేయి, అందుకే ఎన్నడూ లెక్కపెట్టలేదు. నేను నేర్చింది వంద కాదు, ఎనభై. పైగా అయిదూ చెప్పకపోతే ఆ క్రియకు మార్కే లేదు. అంటే మూడింటికీ సున్నాలే. ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పాను.

"మీ మామ ఏడున్నడు?"

"బయట కూసున్నడు సారూ."

పిలిపించారు. చేయి చూపించమంటే మామ అలవాటుకొద్దీ కండువా కప్పబోయాడు. "ఎడ్లు వద్దు గని, వేళ్లు చూపియ్యి" అన్నారు సారు. మామకు విషయం అర్థమయ్యాక తన చేతిని తానే మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా వేలు తిన్నది చాలలేదా ఆ గిత్తకు? ఇన్నేండ్లకు వీని మాటలు గూడ తిన్నది."

సారు అప్పుడు నవ్వారు. "నాలుగు వేళ్ల చేతికి నాలుగు మాటలు. లెక్క సరిపోయింది" అని పాసైనవాళ్లలో నా పేరు రాసుకున్నారు.

ఆ బడిలో నా చదువు మూడేళ్లే సాగింది. మిగతా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు పొలం కొలిచినా, బావి లోతు కట్టినా రెండోసారి సరిచూడందే చెప్పనని ఊళ్లో మెచ్చుకుంటారు. ఆ జాగ్రత్త ఎక్కడ అబ్బిందో నేను చెప్పను. మిగిలిన ఇరవై మాటలు మాత్రం కావాలనే నేర్చుకోలేదు, అవి మామ వేలి వాటా. మామ పోయి చాలా ఏళ్లయింది. ఎప్పుడైనా తీరిక దొరికితే కండువా కింద నా చేయి నేనే పట్టుకుంటాను. కాంచు, వీక్షించు, తిలకించు, అవలోకించు. చిటికెనవేలు దగ్గర ఆగిపోయి, చేయి అయిపోయిందనుకుని వదిలేస్తాను.