అందరికీ ఒకే బంతి

పొద్దున్నే లేచి దీనమ్మ మొదట చేసే పని, బొంత కింద చెయ్యి పెట్టి మొగుడి చొక్కా తీయడం. ముందు రోజు ఆ ఖాకీ చొక్కాకు నీళ్లు చిలకరించి, మడత పెట్టి, బొంత కింద పరిచి దాని మీదే పడుకునేది. తెల్లారేసరికి ఇస్త్రీ అయిపోయేది. “నీ బరువుకు భయపడి సాపైతాది లేవే ఇది” అని ఏబేలు నవ్వుతూ తొడుక్కునేవాడు.

ఇప్పుడు కూడా చెయ్యి బొంత కిందికి పోతుంది. ఉత్త చాప తగులుతుంది. మనిషి పోయిన వారానికే, అతను పనిచేసిన యూనివర్సిటీ కాంట్రాక్టరు మనుషులు వచ్చి చొక్కాలు పట్టుకుపోయారు. “కొత్తగా వచ్చేవాడికి కావాల గదమ్మా. ఏ సైజు మనిషికైనా సరిపోతాయిలే ఇవి” అన్నారు. ఆ యూనివర్సిటీలో అందరూ సమానమనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

మార్కాపురం దాటాక రోడ్డు పక్కన కట్టిన యూనివర్సిటీ అది. ఏబేలు అక్కడ తోటపని చేసేవాడు, వరండాలు ఊడ్చేవాడు. ఊళ్లో ట్యాంకరు వస్తేనే బిందె నిండుతుంది గానీ, అక్కడి పచ్చికకు పొద్దూ మాపూ నీళ్లే. మొన్న ఎండల్లో ఆ పచ్చికను తడుపుతూనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఎవరో చూసేదాకా పైపు పారుతూనే ఉందట. పచ్చికకు ఏ లోటూ రాలేదు.

ఆ తర్వాత రాధాకుమారి మేడం ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో అందరినీ కలుపుకుపోయే విభాగం ఒకటి పెట్టారు, దానికి ఆవిడే పెద్ద. మంచిదే. చాప మీద కూర్చుంది, నీళ్లిస్తే తాగింది. తాగేటప్పుడు వెంట వచ్చిన కుర్రాడు ఫొటో కూడా తీశాడు.

“దీనమ్మా, మా సమానత్వ దినానికి నువ్వు రావాలి. వేదిక మీద సన్మానం. ఫెబీ ఉద్యోగం సంగతి కూడా పెద్దసారు ఆ రోజే చెప్తారు” అంది.

దీనమ్మ కూతురు ఫెబీ కంప్యూటర్లతో డిగ్రీ పాసయింది. అక్కడి ఆఫీసులో ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టుకుంది. నాయన పోయాక ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కు. అందుకే ఆ రోజు దారి పొడుగునా ఆటోలో తల్లికి ఒకటే చెప్పింది.

“మా, నువ్వేం మాట్లాడొద్దు. శాలువా కప్పితే కప్పించుకో. నవ్వమంటే నవ్వు.”

“మీ నాయన పోయినాక నవ్వు యాడుందే నాకు?”

“ఒక్క పూటకు తెచ్చుకో మా. నాకోసం.”

సభలో డైవర్సిటీ అన్నారు, ఈక్విటీ అన్నారు, ఇంక్లూజన్ అన్నారు. దీనమ్మ కూతురి చెవి దగ్గరకు వంగింది.

“ఏంది పాపా అవి?”

“అందరినీ కలుపుకోవడమంట.”

“యాడ కలుపుతారంట?”

“ఉష్, నవ్వు. ఫొటో తీస్తాండారు.”

దీనమ్మకు శాలువా కప్పారు. బరువుగా, ఉక్కగా ఉంది. తర్వాత పెద్దసారు మైకు అందుకున్నాడు. ఏబేలును తమ కుటుంబం ఏనాటికీ మరవదన్నాడు. “మా దగ్గర ఎవరి స్థానం వారిదే. ఏబేలు చేసిన పని ఆయన బిడ్డకే ఇస్తున్నాం!”

చప్పట్లు మోగాయి. ఫెబీ కూడా రెండు చేతులూ ఎత్తింది గానీ అవి కలవలేదు. నేరుగా మేడం దగ్గరకు పోయింది.

“మేడం, నేను ఆఫీసు పనికి గదా పెట్టుకుంది. ఇదేమో చీపురు పని.”

“ముందు లోపలికి రామ్మా, తర్వాత చూద్దాం. మీ నాన్న కూడా అలాగే మొదలుపెట్టాడు.”

“మొదలుపెట్టి ఆడనే పోయినాడు మేడం.”

మేడం భుజం తట్టి భోజనానికి పదమంది.

భోజనం మాత్రం నిజంగా చిన్నా పెద్దా అందరికీ ఒకే బంతి. దీనమ్మను తెచ్చి పెద్దసారు పక్కనే కూర్చోబెట్టారు. అరటాకు, బొబ్బట్టు, ఫొటోలు. ఊళ్లో రైతుల ఇళ్లలో పెళ్లయితే దీనమ్మ వాళ్లు అందరూ లేచాక చివరి బంతిలో కూర్చుంటారు, తిన్న ఆకు తామే ఎత్తుకుపోయి పారేసి, కూర్చున్న చోట నీళ్లు చల్లి మరీ వస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు. తినడం అయ్యేసరికి చెయ్యే ఆకు కిందికి పోతుంది.

ఈ రోజూ పోయింది. అంతలో పెద్దసారు ఆకు ఆకులాగే వదిలేసి లేచాడు. లెక్చరర్లూ లేచారు. ఎవరూ వెనక్కి చూడలేదు. దీనమ్మ చెయ్యి బల్ల మీద ఆగింది. ఇక్కడ పద్ధతి ఇదన్నమాట అనుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎంగిలాకు వదిలి లేచే పూట ఇదేనేమో అని కొంచెం సిగ్గు, కొంచెం సంబరం కూడా కలిగింది.

అప్పుడే మేడం హడావుడిగా వచ్చింది.

“దీనమ్మా, వడ్డించే పిల్లలు ఎటో పోయారు. చోటు చాలక ఆగిన రెండో బంతి వాళ్లు నిలబడి ఉన్నారు. నువ్వూ ఫెబీ కాస్త ఈ ఆకులన్నీ తీసెయ్యండమ్మా. బయటివాళ్లకైతే చెప్పలేను. మీరు మన ఇంటివాళ్లు.”

ఫెబీ వంగింది. ఎంతైనా ఉద్యోగం ఆవిడ చేతిలో ఉంది. పెద్దసారు తిన్న ఆకు అంచు పట్టుకుంది కూడా. దీనమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

“వదులు పాపా.”

“మా, ఊరుకో. నేను తీస్తాలే.”

“వదులు అంటాండా.” తర్వాత మేడం వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “ఇంటోళ్లమైతే ఇంటోళ్లమందరం తీద్దాం గదమ్మా. పెద్దసారును పిలవండి. ఆ చివర నుంచి ఆయన వస్తాడు, ఈ చివర నుంచి నేనొస్తా.”

మేడం నవ్వబోయి మానేసింది. “అదేం మాట దీనమ్మా? మరి ఫెబీ ఉద్యోగం…”

దీనమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఈ జవాబు చెప్పాల్సింది ఫెబీ, తల్లి కాదు.

ఫెబీ పట్టుకున్న అంచు వదిలి వేళ్లు తుడుచుకుంది. “చీపురు పనికి ఎవురైనా దొరుకుతారు మేడం. ఆఫీసు పని ఉంటే పిలవండి, వస్తా. లేకపోతే గిద్దలూరులో జిరాక్సు సెంటరైనా చూసుకుంటా.”

దీనమ్మ లేచింది, ఇద్దరూ గుమ్మం వైపు నడిచారు. రెండో బంతి వాళ్లు దారి ఇచ్చారు. గుమ్మం దాటేదాకా దీనమ్మ కుడి చెయ్యి ఊరుకోలేదు, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి లాగుతూనే ఉంది. దాన్ని కొంగులో చుట్టి పట్టుకుంది. పెద్దసారు ఆకు పక్కనే దీనమ్మ ఆకు కూడా ఉంది. మడవను కూడా మడవలేదు. అన్నం మెతుకులు, కరివేపాకు, సగం కొరికిన బొబ్బట్టు, అన్నీ దాంట్లో అట్లాగే ఉన్నాయి.