ముక్కు కోసం అక్కలకర్ర పరీక్ష

ఆ రోజుల్లో గౌలిపురలో మా ఇంటి ఆడపిల్లకు ఏ బర్రె ఎప్పుడు ఈనుతుందో తెలిస్తే చాలు, పలక అక్కర్లేదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ నోటితో చెప్పుకోవడమే గానీ రాయలేకపోయాను. అరవై దాటాక, బస్తీలో ఆడవాళ్లకు పెట్టిన చదువులో కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. రాయడం వచ్చాక ఇంకా ఆగడం దేనికి?

నాకు పన్నెండేళ్లప్పుడు, ఆదివారం అవుసులాయన (కంసాలిని మేం అలాగే అంటాం) వచ్చి నా ముక్కు కుడతాడని మేనత్త చెప్పింది. సూదిని తలుచుకుంటేనే నాకు కళ్లలో నీళ్లు. ఆ మేనత్తే పంటినొప్పికి అక్కలకర్ర అనే మందుమొక్క వేరు బుగ్గన పెట్టుకుని, "దవడ ఉన్నట్టే తెల్వది బిడ్డా" అంటుండేది. దవడకు పనిచేసింది ముక్కుకు చేయదా అనుకున్నాను. ఆమె డబ్బాలోంచి ఒక ముక్క కాజేసి, శనివారం మధ్యాహ్నం కొట్టం వెనక చెల్లెలితో కలిసి నూరాను. తెలివైనదాన్ని కదా (అప్పట్లో నా నమ్మకం), తిన్నగా ముక్కుకు రాయకుండా ముందు పరీక్ష పెట్టాను. ఎడమ చేయి ఉత్తది, కుడి చేతికి వేరు ముద్ద. చెల్లెలు రెండింటినీ తుమ్మముల్లుతో పొడవాలి.

"ఇది నొస్తుందా?" అంది. నొస్తుందన్నాను. "మరి గిది?" గిది గూడ నొస్తుందన్నాను. "అయితె ఇంక మందంగ రాయాలె అక్కా" అని అది ముల్లు సవరించుకుంది. మందంగా రాశాం. ఎండబెట్టి చూశాం. నూనె కలిపి చూశాం. మార్చినప్పుడల్లా రెండు చేతులకూ పోట్లు. "నీ ముక్కు కోసమే గద, నాకేంది" అంటూ చెల్లెలు ఒక్కసారి కూడా అలసిపోలేదు. చివరికి వేరు నమిలితే నాలుక మాత్రం మొద్దుబారింది. అవుసులాయన నాలుక కుట్టేవాడైతే నాకిక ఫికరే లేదు.

ఆదివారం పొద్దుటి నుంచి చేతులు వెనక్కి పెట్టుకునే తిరిగాను. పీట మీద కూర్చోబెట్టి, కదలకుండా పట్టుకోబోయిన మేనత్త నా చేతుల నిండా ఉబ్బిన ఎర్రటి చుక్కలు చూసి చటుక్కున వదిలేసింది. "ఆగు అన్నా, పిల్లకు తల్లి పోసినట్టుంది. ఇయ్యాల సూది వద్దు." ఆయన "మా ఇంట్ల చిన్నపిల్లలున్నరమ్మా" అంటూ చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లిపోయాడు. అమ్మవారు కాదు, తుమ్మముల్లు అని చెబితే మళ్లీ సూదే కదా, వెళ్లి పడుకున్నాను. వేపాకు పక్క, పెరుగన్నం, కొబ్బరినీళ్లు. పేడ తీసే పని బంద్. (నెల తర్వాత ముక్కు కుట్టనే కుట్టారు. ముల్లు పోటులో సగం నొప్పి కూడా లేదు. ఈ ఒక్కదాని కోసమా అన్ని పొడిపించుకున్నానని ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.)

మర్నాడు పొద్దున, నా వంతు పేడ కూడా ఎత్తి వచ్చిన చెల్లెలు నా పక్కన కూలబడింది. కొబ్బరినీళ్ల వైపే చూస్తూ, "అక్కా, నాకు గూడ పొడువు" అని రెండు చేతులూ చాపింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి పొడిచాను. ముందు వేరు ముద్ద రాయమని అది అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.