ప్రభుదాస్ సార్‌ని బయటికి పంపిన రోజు

కరోనాకు ముందటి ఏడాది. ప్రొద్దుటూరులో మా బడి మైదానంలో ఆడపిల్లల బేస్‌బాల్ పోటీలు. పులివెందులకూ జమ్మలమడుగుకూ సెమీఫైనల్. నేను ప్లేట్ అంపైర్‌ని, అంటే బ్యాట్ పట్టిన పిల్ల వెనకాల నిలబడి తీర్పు చెప్పేవాణ్ణి. మా పీఈటీల బతుకే విచిత్రం. ఇవాళ కోచ్‌గా అంపైర్‌ని తిట్టినవాడే రేపు అంపైర్‌గా తిట్లు తింటాడు.

పులివెందుల కోచ్ ప్రభుదాస్ సార్ మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. తీర్పు నచ్చకపోతే టోపీ తీసి చేత్తో పట్టుకొని వచ్చి, మెల్లగా అడిగి, చెప్పింది విని వెళ్లిపోయేవాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. కడుపులో గడ్డకు వేలూరులో చూపించుకుంటున్నాడని నాకు తెలుసు. ఆయన జట్టు పిల్లలకు తెలియదు.

ఆట ముగియవస్తోంది, స్కోరు సమానం. పులివెందుల పిల్ల పరుగు పూర్తి చేయడానికి హోమ్ ప్లేట్ మీదికి జారుతూ వచ్చింది. ఆమె చేరేలోపే బంతి తాకించారు. ఔటిచ్చాను. జనం ఒకటే గోల. ప్రభుదాస్ సార్ లేచి వచ్చాడు. ఈసారి టోపీ తీయలేదు. ముఖమంతా చెమట.

“నీ తీర్పు సరిగ్గానే ఉందప్పా,” అన్నాడు గొంతు తగ్గించి. “నొప్పికి తట్టుకోలేకపోతాండా. ఆ బెంచీ మీద పడిపోతే పిల్లోల్లు ఆట ఇడిసిపెట్టి ఏడుస్తారు. నన్ను ఎజెక్ట్ చెయ్యి.”

ఎజెక్ట్ చేయడమంటే దురుసుగా ప్రవర్తించిన కోచ్‌ని మైదానం నుంచి వెళ్లగొట్టడం. మాలో అంతకన్నా పెద్ద అవమానం లేదు.

“ఆట ఆపుతాను, అన్నా. ఆస్పత్రికి పోదాం.”

“వద్దప్పా. శానా కష్టపడినారు వాళ్లు. గేటుకాడ మా తమ్ముడు కారుతో ఉండాడు.”

“నీకు చెడ్డపేరొస్తాదన్నా.”

“రానీలే. ఇంక నా పేరుతో నాకేం పని?”

టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నేను చెయ్యెత్తి గేటు చూపించాను. గురువుని గెంటేసినట్టే అనిపించింది. ఆయన నిటారుగా నడిచి వెళ్లిపోయాడు. ప్లేటు దులిపే బ్రష్షుతో ఆ టోపీ దుమ్ము దులిపి, తీసుకెళ్లి వాళ్ల బెంచీ మీద పెట్టాను.

పిల్లలు కసిగా ఆడి గెలిచారు. ఆట అయ్యాక అంపైర్‌తో చేతులు కలపడం ఆనవాయితీ. వాళ్లు కలపలేదు. కెప్టెన్ స్వరూప నన్ను చూసి తల తిప్పుకుంది. సాయంత్రం సార్ ఫోన్ చేసి, “చెప్పొద్దప్పా వాళ్లకు,” అన్నాడు. సరేనన్నాను. అప్పటినుంచి ఏ కోచ్ అరుచుకుంటూ వచ్చినా, మాట వినకముందు ముఖం చూడటం అలవాటైంది.

ఎండాకాలం రాకముందే సార్ పోయాడు. సంతాప సభలో స్వరూప మాట్లాడింది.

“మా సార్ ఎప్పుడూ అంపైర్‌కు ఎదురు చెప్పలా. ఆ ఒక్కసారి తప్ప.”

వేదిక దిగాక ఆమెను పక్కకు పిలిచాను. ఇక దాచడం నావల్ల కాలేదు.

“ఆ ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా,” అని జరిగిందంతా చెప్పాను.

అంతా విని ఆ పిల్ల అడిగింది.

“అందుకేనా సార్, ఆ పొద్దు మా సార్ టోపీని మీరు అంత బాగా తుడిచి తెచ్చింది?”