కర్చీఫ్ వేసిన సీటు

మా అచ్యుతరామారావు గారు పాతదాన్ని మార్చరు. దాని మీదే కొత్తది ఎక్కిస్తారు. స్కూటర్ ఇరవై ఏడేళ్ళది, దాని హ్యాండిల్‌కి మొన్న కొన్న ఫోన్ స్టాండు. ఇల్లు పెంకుటిల్లు, తలుపుకి వేలిముద్ర తాళం. గవర్నర్‌పేటలోని మా ఆఫీసులో ఆయన రాసే ప్రోగ్రాములూ అంతే. కింద పునాదిలా ఉన్న ఫ్రేమ్‌వర్క్ పదిహేనేళ్ళ నాటిది, పైన రాసే భాష మాత్రం తాజా వెర్షన్.

మామూలుగా ఇది కుదరదు. కొత్త భాషలోని సదుపాయం వాడితే, మేం రాసింది సరిచూసే కంపైలర్ వెళ్ళి ఫ్రేమ్‌వర్క్‌లో ఫలానా పేరున్న క్లాసు, అంటే ఆ పని చేసే కోడ్ ముక్క, ఉందా అని వెతుకుతుంది. పాతదాంట్లో ఉండదు కాబట్టి ఎర్రగీత గీస్తుంది. ఈయన తొణకరు. ఆ పేరుతో ఒక ఖాళీ క్లాసు తనే రాసి పెట్టేస్తారు. కంపైలర్ నోరు మూసుకుంటుంది.

"లోపల ఏమీ లేదు కదండీ?" అన్నాను మొదటిసారి చూసి.

"బస్సులో సీటు మీద కర్చీఫ్ వేస్తే, దాని కింద మనిషి ఉన్నాడా అని ఎవరన్నా చూస్తారా జ్ఞానేశ్వరీ?"

"అన్నిటికీ ఇలాగే కుదురుతుందా?"

"కుదరదు. కొన్నిటికి కర్చీఫ్ చాలదు, మనిషే కూర్చోవాలి. అప్పుడు లోపలి కోడ్ కూడా మనమే రాసుకుంటాం."

అప్పట్నుంచి ఆఫీసులో అందరిదీ ఒకటే పలకరింపు. "ఇవాళ ఎన్ని కర్చీఫులండీ?" అంటే, "మూడు. జలుబు లేదు లెండి" అనేవారు.

కైకలూరు దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డు ఉన్న గంగాప్రసాద్ గారు మాకు పాత కస్టమరు. ఏటా ఒక కొత్త కోరికతో ఫోన్ చేసేవారు. తూకం చీటీ రైతు ఫోన్‌కి వెళ్ళాలని ఒకసారి, లారీ ఎక్కడుందో తెలియాలని ఇంకోసారి. "పాతదానివల్ల కాదంటే చెప్పండి, మొత్తం పీకేసి టచ్ స్క్రీన్ పెట్టిద్దాం" అనేవారు. "అవుతుందండీ" అనేవారు ఈయన. రెండు కర్చీఫులు వేసి పాతదానిచేతే చేయించేవారు కూడా.

నాకు ఒళ్ళు మండేది. ఈసారి గంగాప్రసాద్ గారు చీటీ మీద క్యూఆర్ కోడ్ కావాలనగానే, నేను కూర్చుని కొత్త ఫ్రేమ్‌వర్క్ మీద టచ్ స్క్రీన్ వెర్షన్ తయారు చేశాను. అన్నీ చేపల బొమ్మలే. బొచ్చె మీద వేలు పెడితే బొచ్చె, శీలావతి మీద పెడితే శీలావతి. ఆయన వెంటనే తెచ్చి బిగించమన్నారు.

అచ్యుతరామారావు గారు కూడా నాతోపాటు రైలెక్కారు. "ముందు అరగంట పాతది ఎలా నడుస్తోందో చూడు. తర్వాత నీ ఇష్టం" అన్నారు.

షెడ్డులో కాటా దగ్గర మనిషి కేక వేస్తున్నాడు. "బొచ్చె, ముప్పై అయిదు కేజీల రెండొందల గ్రాములు." ఇరవయ్యేళ్ళుగా అక్కడ తూకాలు ఎక్కిస్తున్న తెరేసమ్మ గారు, మొహం వాకిలి వైపు పెట్టి, కీబోర్డు మీద టకటకా కొడుతున్నారు. అరగంటలో అరవై తూకాలు ఎక్కాయి, ఒక్క తప్పు లేదు.

"స్క్రీన్ చూడరేంటండీ?" అని అడిగాను.

"కనబడితే కదమ్మా చూడ్డానికి," అన్నారావిడ నవ్వి. "మూడేళ్ళ బట్టీ అంతా మసకే. ఏ మీట ఎక్కడుందో వేళ్ళకి తెలుసు. ఎన్ని మార్పులొచ్చినా ఈ సారు నా మీట ఒక్కటీ కదపలేదు. ఇంకో రెండేళ్ళు లాగితే పెన్షన్‌కి సరిపోద్ది."

నా చేతిలో టచ్ స్క్రీన్ ఉంది. నున్నటి గాజు. వేలితో తడిమితే బొచ్చె అయినా శీలావతి అయినా ఒకటే. రెండు నెలల నా కష్టం మీద నాకే సిగ్గేసింది.

గంగాప్రసాద్ గారు వచ్చి, "ఏమ్మా, పెట్టేద్దామా?" అన్నారు.

"అక్కర్లేదండీ. క్యూఆర్ కోడ్ పాతదాంట్లోనే అవుతుంది," అన్నాను. అచ్యుతరామారావు గారు చేపల వైపు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు ఆఫీసులో ఆయన ఖాళీ క్లాసుల ఫైలు తెరిచాను. పైన ఒక వాక్యం రాసి ఉంది, నేనెప్పుడూ చదివిన పాపాన పోలేదు. "తెరేసమ్మ గారు దిగేదాకా ఈ కర్చీఫులు తీయొద్దు."

దాని కింద నా మొదటి కర్చీఫ్ వేశాను. నాకు తెలియకుండానే ముక్కు ఎగబీల్చినట్టున్నాను.

"జలుబు చేసిందా జ్ఞానేశ్వరీ?" అన్నారాయన వెనకనుంచి.

"లేదండీ. సీటు ఆపుతున్నాను," అన్నాను.