వనజాక్షి ఆటలో మునెయ్య వంతు

వారమంతా తడ దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసే వనజాక్షికి ఆదివారం వచ్చిందంటే పట్టపగ్గాలుండవు. పాత లాప్‌టాప్ తెరిచి కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. తయారుచేసిన విధమంతా తెలుగులో విడమరిచి చెబుతూ వీడియోలు పెడుతుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ జీతమివ్వరు. పిచ్చి, అంతే. కావలి నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో కాలేజీ పిల్లలు "అక్కా, మీరు చెప్తే ఇట్టే ఎక్కుతుంది" అని రాస్తుంటారు.

ఇంట్లో మాత్రం ఆ వైభోగం లేదు. పులికాట్ సరస్సులో వేటకు పోయే ఆమె తండ్రి మునెయ్య ఒక్కనాడూ ఆ తెర వంక తొంగిచూడలేదు. "ఆ పెట్టె ముందర కూర్చుంటే కళ్ళు పోతాయి పాపా" అంటాడు, అంతే. లోకమంతా మెచ్చుకుని నాయన మెచ్చుకోకపోతే ఏం లాభం? వనజాక్షికి ఆ దిగులు ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

అందుకే ఈసారి నాయన పనినే ఆటగా చేసింది. తెరమీద సరస్సు, రెండు పడవలు, రొయ్యలు బాగా దొరికే ఒక పాయ. ఎవరు ముందు వల వేస్తే వాళ్ళవే రొయ్యలు. ఇద్దరు ఆడే ఆట ఎలా రాయాలో లైవ్‌లో చూపిస్తానని అందరికీ చెప్పి, ఆదివారం పొద్దున్నే నాయననూ, తనూ వేటకు పోయే పక్కింటి చిన్నపోలయ్యనూ బతిమాలి కూర్చోబెట్టింది. వాళ్ళకు వేట గురించి చెప్పడం మేనమామకు పుట్టింటి సంగతులు చెప్పినట్టే అయినా, ఏ మీట నొక్కితే పడవ కదులుతుందో, ఏది నొక్కితే వల పడుతుందో ఓపిగ్గా నేర్పింది. ఇద్దరూ బాగానే నేర్చుకున్నారు.

ఆట మొదలైంది. పడవలు రెండూ జోరుగా పాయ దాకా పోయి ఆగిపోయాయి. వల పడదే! తెర మూల గడియారం తిరుగుతోంది. "అక్కా, హ్యాంగయిందా?" అని చూసేవాళ్ళు రాయసాగారు. వనజాక్షికి ముచ్చెమటలు పోశాయి. కోడంతా పైనుంచి కిందికి గాలించింది. తప్పేమీ కనబడలేదు. ఈలోగా గడువు అయిపోయి ఇద్దరికీ సున్నా వచ్చింది.

"మీట పనిచెయ్యలేదా నాయనా?"

"అది బాగానే ఉండాది. ఈరోజు వంతు ఎవరిదో నువ్వు చెప్పందే వల ఎట్ట ఏసేది?" అన్నాడు మునెయ్య.

"అన్న ముందేస్తాడేమోనని నేను చూస్తా ఉండా," అన్నాడు చిన్నపోలయ్య. "వంతు కాకుండా ఏస్తే ఊర్లో తలెత్తుకునేదెట్ట పాపా?"

వనజాక్షి నాలుక కరుచుకుంది. ఆ ఒడ్డున మంచి పాయల దగ్గర వంతులవారీగానే వలలు వేస్తారు. ఒకరి వంతు రోజున ఇంకొకరు ఆ దరికే పోరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఎవరెవరో చేసిన ఆటలు ఆడీ ఆడీ, ఆటంటే ఎగబడడమే అనుకుంది మహాతల్లి. దీపం కింద చీకటంటే ఇదే మరి.

చూసేవాళ్ళ ముందే పకపకా నవ్వేసింది. "ఇది కోడ్ తప్పు కాదు, నా తప్పే" అని చెప్పి, అక్కడికక్కడే ఆట మార్చింది. ఒకరి వంతు నడుస్తుండగా రెండోవారి మీట పనిచెయ్యకుండా ఎలా రాయాలో వివరిస్తూనే రాసింది.

ఈసారి ఆట సాగింది. చిన్నపోలయ్య వంతులో వల ఖాళీగా పైకొచ్చింది. మునెయ్య వంతులో తెర నిండా రొయ్యలే. గెలిచినట్టు బాకా కూడా మోగింది. మునెయ్య మొహంలో మాత్రం సంతోషం లేదు. ముందుకు వంగి, కళ్ళు చికిలించి, తెరంతా వెతుకుతున్నాడు.

"ఏంది నాయనా చూస్తా ఉండావు?"

"పోలయ్యకు కూరలోకి నాలుగు రొయ్యలు ఇయ్యాల గదా. ఏది నొక్కాల?"

"అది పెట్టలేదు నాయనా."

"మరి పెట్టు." మునెయ్య కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు.

వనజాక్షికి పట్టరాని సంతోషం. ఆ హడావిడిలో వివరించడం మరిచి గబగబా రాయబోయింది. మునెయ్య ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"గమ్మున రాసుకుంటే నాకెట్ట తెలస్తాది? ఆ పిల్లోళ్ళకు చెప్పినట్టే నాకూ చెప్పు పాపా."